రెండు కిలోల రబ్బరు

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నే కుక్కరు మూత పెట్టేటప్పుడు అందులో రబ్బరు రింగు సరిగా కూర్చుందో లేదో ఒకసారి చూసుకుంటాం. రింగు కాస్త సాగిపోయిందంటే ఆవిరంతా పక్కనుంచి పోతుంది. పప్పు ఉడకదు, ఆఫీసుకు వెళ్ళేవారికి, బడికి వెళ్ళే పిల్లలకు ఆలస్యమవుతుంది. అప్పుడు బజారుకు పోయి కొత్త రింగు తెచ్చుకుంటామే గాని, ఈ రబ్బరు ఎక్కణ్ణుంచి వచ్చిందని ఆలోచించం. రబ్బరంటే చెట్టుపాలతో చేసేదే కదా అనుకుంటాం. కాని కుక్కరు రింగుల్లో చాలా వాటిని నైట్రైల్ రబ్బరు అనే రకంతో చేస్తారు. దానికి చెట్టుతో సంబంధం లేదు. బ్యుటాడయీన్ అనే ఒక వాయువు దానికి ముఖ్యమైన ముడిసరుకు. మన బస్సుల టైర్లలో, స్కూటరు టైర్లలో చెట్టు రబ్బరుతో పాటు ఇదే వాయువునుంచి వచ్చిన రబ్బరు కూడా ఉంటుంది.

ఈ వాయువును రబ్బరుగా మార్చి, ఫ్యాక్టరీలో టన్నులకొద్దీ తయారుచేసే పద్ధతిని ప్రపంచంలో మొట్టమొదట నెగ్గించినవాడు ఒక రష్యన్ రసాయన శాస్త్రవేత్త. ఆయన పేరు సెర్గేయ్ వసీల్యెవిచ్ లెబెదెవ్. ఈవేళ ఆయన గురించి, ఆయనతో పనిచేసిన కొద్దిమంది గురించి, ఆయన భార్య గురించి మీతో నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను.

లెబెదెవ్ 1874లో పోలెండ్‌లోని లుబ్లిన్ పట్టణంలో పుట్టాడు. అప్పుడు ఆ ప్రాంతం రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. తండ్రి మొదట బడిపంతులు, తర్వాత చర్చిలో మతగురువు అయ్యాడు. సెర్గేయ్‌కు ఎనిమిదేళ్ళు వచ్చేసరికి తండ్రి పోయాడు. తల్లి పిల్లలను వెంటబెట్టుకుని వార్సా నగరం చేరింది. చదువు అక్కడే సాగింది. రసాయన శాస్త్రం మీద మక్కువతో పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చేరి, 1900లో పట్టా పుచ్చుకున్నాడు.

పట్టా చేతికి వచ్చినంత మాత్రాన ప్రయోగశాల తలుపులు తెరుచుకుంటాయా? మొదట దొరికింది సబ్బుల ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఆ తర్వాత రైలు పట్టాల ఉక్కును పరీక్షించే పని కొంతకాలం చేశాడు. 1902లో గాని విశ్వవిద్యాలయానికి తిరిగి రాలేదు. ఫవోర్‌స్కీ అనే గొప్ప ఆచార్యుని దగ్గర సహాయకుడిగా చేరి, రబ్బరు సమస్య చేపట్టాడు.

ఆ సమస్య ఏమిటో కాస్త చెప్పుకోవాలి. రబ్బరు చెట్టు పుట్టినిల్లు బ్రెజిల్ అడవులు. 1876లో ఒక ఆంగ్లేయుడు ఆ గింజలను లండన్‌కు చేరవేశాడు. అక్కణ్ణుంచి మొక్కలు సింహళానికి, మలయాకు వెళ్ళాయి. కొన్నేళ్ళకు ప్రపంచానికి కావలసిన రబ్బరులో అధిక భాగం బ్రిటిష్, డచ్ వలసల తోటలనుంచే రావడం మొదలైంది. రష్యా చలిదేశం. అక్కడ ఆ చెట్టు బతకదు. మోటారు బండ్లు పెరిగేకొద్దీ టైర్లు కావాలి, టైర్లకు రబ్బరు కావాలి, రబ్బరుకు పరాయి దేశాల ముందు చేయి చాచాలి. తోటలు ఎవరివో ధర వారిది. 1922లో బ్రిటిష్ ప్రభుత్వం తన వలసలనుంచి రబ్బరు ఎగుమతికి కట్టుబాట్లు విధించి ధర పెంచిన సంగతి చరిత్రలో ఉంది.

మరి చెట్టు చేసే పని మనిషి చేయలేడా? రసాయన శాస్త్రం తెలియనివారికి కూడా అర్థమయ్యేట్టు చెబుతాను. బడి మైదానంలో పిల్లలు ఎవరికి వారు పరుగులు పెడుతున్నారనుకోండి. అది వాయువు లాంటిది. ఇంతలో టీచరమ్మ వచ్చి ఒక పిల్లవాడి చేయి పట్టుకుంటే, వాడు ఇంకొకడి చేయి, వాడు మరొకడి చేయి పట్టుకుని పెద్ద గొలుసు కట్టారనుకోండి. ఇక ఎవరూ చెదిరిపోరు. గొలుసును లాగితే సాగుతుంది, వదిలితే దగ్గరకు వస్తుంది. రబ్బరు అలాంటి గొలుసుల ముద్ద. బ్యుటాడయీన్ అణువులు ఆ పిల్లల లాంటివి. మొదటి చేయి పట్టుకునే టీచరమ్మ పని సోడియం అనే లోహం చేస్తుంది. సోడియం మన ఉప్పులో కలిసి ఉండేదే. కాని విడిగా ఉన్నప్పుడు అది చాకుతో కోయగలిగినంత మెత్తని లోహం. నీళ్ళు తగిలితే భగ్గుమంటుంది కాబట్టి కిరసనాయిలులో ముంచి దాచిపెడతారు.

లెబెదెవ్ 1910లో బ్యుటాడయీన్‌తో చేసిన రబ్బరు నమూనా చూపించాడు. 1913లో ఈ రకం అణువులు గొలుసులుగా ఎలా కలుస్తాయో వివరిస్తూ సిద్ధాంత గ్రంథం రాశాడు. శాస్త్రజ్ఞులు మెచ్చుకున్నారు, బహుమానం ఇచ్చారు. కాని నమూనా వేరు, ఫ్యాక్టరీ వేరు. పండక్కి ఒక పళ్ళెం అరిసెలు వండడానికీ, వెయ్యిమంది పెళ్ళికి వండడానికీ ఎంత తేడా ఉందో మనకు తెలియనిదా? ఆ పళ్ళెం నుంచి ఆ పెళ్ళిదాకా రావడానికి లెబెదెవ్‌కు ఇరవై రెండేళ్ళు పట్టింది.

ఇక ఆయన ఇంటి సంగతి. 1905లో ఆయన పెళ్ళాడినావిడ పేరు అన్నా. మన అన్నగారు కాదు సుమండీ, ఆ దేశంలో అది ఆడవారి పేరు. అన్నా ఒస్త్రౌమొవా ఆయనకంటే మూడేళ్ళు పెద్ద. పెళ్ళినాటికే పేరున్న చిత్రకారిణి. పీటర్స్‌బర్గ్‌లో రేపిన్ వంటి మహా చిత్రకారుని దగ్గర చదువుకుని, పారిస్ వెళ్ళి విస్లర్ దగ్గర నేర్చుకుని వచ్చింది. నూనెరంగుల వాసనకు ఆమెకు ఉబ్బసం వచ్చేది. చిత్రకారిణికి రంగులే పడకపోతే ఇక ఏముంది, కుంచె పక్కన పెట్టి ఇంట్లో కూర్చోవలసిందే అని ఎవరైనా అనుకుంటారు. ఆవిడ మాత్రం చెక్క దిమ్మెల మీద బొమ్మలు చెక్కి, వాటికి రంగు పూసి కాగితం మీద అచ్చువేసే విద్యను చేపట్టింది. మన కలంకారీ అద్దకంలో చెక్క అచ్చులు ఉంటాయి చూడండి, పని సుమారుగా ఆ తీరే. రష్యాలో రంగుల చెక్క అచ్చుకు మళ్ళీ ప్రాణం పోసిన వ్యక్తిగా ఆమెను చెప్పుకుంటారు. పీటర్స్‌బర్గ్ కాలువలు, తోటలు, నేవా నది ఒడ్డు ఆమె చేతిలో కొత్త అందం తెచ్చుకున్నాయి.

పెళ్ళయ్యాక కూడా ఆమె ఉలి పక్కన పెట్టలేదు. ఇటలీ, స్పెయిన్ దేశాలు తిరిగి బొమ్మలు వేసింది. పుట్టింటి పేరు వదలకుండా, భర్త పేరు పక్కన చేర్చుకుని ఒస్త్రౌమొవా-లెబెదెవా అన్న పేరుతోనే ప్రసిద్ధి పొందింది. ఒకే ఇంట్లో ఒకరిది గాజు గొట్టాల లోకం, ఒకరిది చెక్క దిమ్మెల లోకం. ఒకరి పని కోసం ఇంకొకరి పని ఆగలేదు. ఆ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. ఆ మాటకొస్తే ఈ రోజుల్లోనూ కాదు.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. రబ్బరు అందని జర్మనీ ఆ యుద్ధంలో మిథైల్ రబ్బరు అనే ఒక కృత్రిమ రబ్బరు చేసి చూసింది. దాని తయారీకి నెలలు పట్టేది. చలికి గట్టిపడిపోయేది. యుద్ధం ముగియగానే దాన్ని వదిలేశారు. రష్యాలో 1917లో విప్లవం, ఆ వెంటనే అంతర్యుద్ధం, తిండి కరువు. లెబెదెవ్ అప్పటికి మిలిటరీ మెడికల్ అకాడమీలో ప్రొఫెసరు. ప్రయోగశాలలో గాజు సామానుకు, రసాయనాలకు కూడా కటకటగా ఉండేది. పీటర్స్‌బర్గ్ పేరు పెట్రోగ్రాడ్ అయింది, 1924లో లెనిన్‌గ్రాడ్ అయింది.

1926లో సోవియట్ ప్రభుత్వం ఒక పోటీ ప్రకటించింది. కృత్రిమ రబ్బరు తయారుచేసే పద్ధతి కావాలి, అది ఫ్యాక్టరీలో పనికొచ్చేది కావాలి, ముడిసరుకు దేశంలో దొరికేది కావాలి. 1928 జనవరి ఒకటో తేదీకల్లా రెండు కిలోల రబ్బరు, దాన్ని తయారుచేసే పద్ధతి వివరాలు అప్పగించాలి. గెలిచినవారికి లక్ష రూబుళ్ళ బహుమానం.

రెండు కిలోలే కదా అనిపిస్తుంది. అంతవరకు ప్రయోగశాలలో తయారైంది గ్రాముల్లో లెక్క. లెబెదెవ్ ఏడుగురు సహాయకులను కూడగట్టాడు. ఐదుగురు మెడికల్ అకాడమీ వారు, ఇద్దరు విశ్వవిద్యాలయం వారు. అందులో యకుబ్చిక్ వంటి స్త్రీలు కూడా ఉన్నారు. ఆవిడ తర్వాత లెనిన్‌గ్రాడ్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు అయింది. వీళ్ళెవరికీ ఈ పని కోసం సెలవు లేదు, జీతం లేదు. పగలంతా పాఠాలు చెప్పి, ఉద్యోగం చేసి, సాయంత్రాలు, ఆదివారాలు ఈ పని చేసుకునేవారు. పరికరాలు కొనడానికి దొరికేవి కావు. గాజు గొట్టాలు ఊది చేసుకున్నారు. ఇనుప పని, కరెంటు పని స్వయంగా నేర్చుకున్నారు.

ముడిసరుకు విషయంలో లెబెదెవ్ ముందు పెట్రోలియం వైపు చూశాడు. ఆ పోటీలోనే బిజోవ్ అనే మరో శాస్త్రవేత్త ఆ దారినే పోయాడు. లెబెదెవ్ చివరికి సారా దారి పట్టాడు. ధాన్యం, బంగాళాదుంపలు పులియబెట్టి వడపోసే ఆల్కహాలే ఇది. దాన్ని ఆవిరిచేసి, బాగా కాగిన లోహ ఆక్సైడ్ల మిశ్రమపు పొడి మీదుగా పంపితే, అందులో ఉన్న నీరు, హైడ్రోజన్ విడిపోయి బ్యుటాడయీన్ మిగులుతుంది. ఇదివరలో ఇందుకు ఒకదాని తర్వాత ఒకటిగా మెట్లెక్కవలసి వచ్చేది. లెబెదెవ్ కనిపెట్టిన పొడితో ఒక్క మెట్టులోనే పని తెమిలింది. అతని ప్రతిభ అంతా ఆ పొడి పాళ్ళలో ఉంది. పోపులో ఇంగువ పాళ్ళలాగా అనుకోండి.

కాని ఆ వాయువు చేతికి చిక్కాలి కదా. బ్యుటాడయీన్ సున్నాకు ఇంకో నాలుగు డిగ్రీలు దిగువకు చల్లబరిస్తే గాని ద్రవంగా మారదు. చేతితో తిప్పి ఐస్‌క్రీము చేసుకునే రోజుల్లో ఐసుముక్కల్లో రాళ్ళ ఉప్పు వేసేవారు, గుర్తుందా? ఉప్పు కలిస్తే ఐసు చలి ఇంకా పెరుగుతుంది. ప్రయోగశాలకూ ఐసు కావాలి, రోజూ కావాలి. నేవా నది చలికాలంలో గడ్డకట్టుకుపోతుంది. ఈ ప్రొఫెసర్లు, సహాయకులు నది మీదకు వెళ్ళి ఐసుగడ్డలు పగలగొట్టి తెచ్చుకునేవారు. అన్నా బొమ్మలు చెక్కిన నది అదే.

1927 డిసెంబరు ఆఖరులో రెండు కిలోల రబ్బరు లెనిన్‌గ్రాడ్ నుంచి మాస్కోకు బయలుదేరింది. గడువుకు ఇంకా ఒకటి రెండు రోజులే మిగిలి ఉన్నాయి. లెబెదెవ్ పద్ధతికి బహుమానం వచ్చింది. లెనిన్‌గ్రాడ్‌లోనే ఒక చిన్న ప్రయోగ ఫ్యాక్టరీ కట్టారు. అందులో 1931 ఫిబ్రవరిలో మొదటి పెద్ద రబ్బరు ముద్ద బయటకు వచ్చింది. దాని బరువు 260 కిలోలు. 1932 జూలైలో యారొస్లావ్ల్ నగరంలో పెద్ద ఫ్యాక్టరీ పనిచేయడం మొదలుపెట్టింది. అదే ఏడు వొరొనెజ్‌లో రెండోది. బ్యుటాడయీన్ రబ్బరును అంత పెద్ద ఎత్తున తయారుచేయడం ప్రపంచంలో అదే మొదలు. ఆ ఏడే లెబెదెవ్‌ను సైన్సు అకాడమీ సభ్యుడిగా ఎన్నుకున్నారు.

ఇక్కడ ఒక చేదు విషయం చెప్పకుండా దాటిపోవడం న్యాయం కాదు. ఆ రబ్బరుకు ముడిసరుకు సారా. సారాకు ముడిసరుకు ధాన్యం, బంగాళాదుంప. సరిగ్గా 1932, 33 సంవత్సరాల్లో సోవియట్ దేశంలో, ముఖ్యంగా ఉక్రెయిన్‌లో, కజఖ్‌స్తాన్‌లో ఘోరమైన కరువు వచ్చింది. లక్షలకు లక్షల మంది ఆకలితో చనిపోయారు. పల్లెలనుంచి ధాన్యాన్ని బలవంతంగా లాక్కుపోయిన ప్రభుత్వ విధానమే ఆ కరువుకు ముఖ్య కారణం. రబ్బరు ఫ్యాక్టరీల వల్ల కరువు వచ్చిందనడం పొరపాటు. కాని తినే గింజ ఒకవైపు రబ్బరుగా మారుతుంటే ఇంకోవైపు తినడానికి గింజ లేదన్నది నిజం. కంచంలో మెతుకు విలువ మనకంటే ఎవరికి తెలుసు? తర్వాతి కాలంలో రంపపు పొట్టునుంచి, పెట్రోలియం నుంచి సారా చేసే పద్ధతులు వచ్చాయి. గింజ కంచానికే మిగిలింది. ఒక కొత్త వస్తువు ఇంట్లోకి వచ్చినప్పుడు, ఇది దేన్ని తిని తయారైంది అని అడగడం శాస్త్రానికి అడ్డు చెప్పడం కాదు. అలా అడగబట్టే శాస్త్రం మంచి దారి వెతుక్కుంటుంది.

తన పని ఇంత పెద్దది కావడం లెబెదెవ్ ఎక్కువ కాలం చూడలేదు. 1934 మే నెల మొదట్లో టైఫస్ జ్వరంతో చనిపోయాడు. మనం ఎరిగిన టైఫాయిడ్ కాదిది, పేల ద్వారా సోకే వేరే జబ్బు. ఆయనకు అప్పటికి అరవై నిండలేదు. ఆయన పేరు పెట్టిన వీధి ఆ నగరంలో ఇప్పటికీ ఉంది.

అన్నా మిగిలింది. 1941 సెప్టెంబరులో జర్మన్ సైన్యాలు లెనిన్‌గ్రాడ్‌ను చుట్టుముట్టాయి. ఆ ముట్టడి 872 రోజులు సాగింది. ఆకలికి, చలికి లక్షలాది మంది చనిపోయారు. డెబ్బై ఏళ్ళ ఆ వితంతువు నగరం విడిచి వెళ్ళలేదు. తన జీవితకథ రాసుకుంటూ కూర్చుంది. బాంబుల చప్పుడు కాస్త తక్కువ వినిపిస్తుందని స్నానాల గదిలోకి పోయి, చేతులు కడుక్కునే తొట్టిమీద ఒక బల్లచెక్క వేసుకుని, పొగలు చిమ్మే చిన్న దీపం దగ్గర రాసేది. ఆ చలికాలంలో నగరానికి రొట్టె వచ్చిన దారి ఒక్కటే, గడ్డకట్టిన లదోగ సరస్సు మీదుగా లారీల దారి. నేవా నది పుట్టేది ఆ సరస్సులోనే. అప్పటి సోవియట్ టైర్లలో ప్రధానమైనది కృత్రిమ రబ్బరు. ఒకనాడు ధాన్యాన్ని తిన్న రబ్బరే ఆనాడు రొట్టెను మోసుకొచ్చింది. అన్నా ఆ ముట్టడి దాటి బతికింది. జీవితకథ మూడు భాగాలుగా వెలువడింది. 1955లో ఆమె కన్నుమూసింది.

ఈ కథ ఆ దేశంతో ఆగిపోలేదు. 1942లో జపాన్ మలయాను, డచ్ దీవులను ఆక్రమించగానే అమెరికాకు చెట్టు రబ్బరు దాదాపు ఆగిపోయింది. అప్పుడు వారూ కృత్రిమ రబ్బరు ఫ్యాక్టరీలు కట్టారు. కావలసిన బ్యుటాడయీన్‌లో పెద్ద వాటా ధాన్యపు సారానుంచే తీశారు. మన దేశంలో 1960లలో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర మొదలైన కృత్రిమ రబ్బరు ఫ్యాక్టరీ కూడా సారా మీదే ఆధారపడింది. ఐతే అది గింజలనుంచి వచ్చిన సారా కాదు. చక్కెర మిల్లుల్లో మిగిలిపోయే చెరకు మడ్డినుంచి తీసింది. ఇప్పుడు ప్రపంచంలో బ్యుటాడయీన్ ఎక్కువగా పెట్రోలియం సరుకులనుంచే వస్తోంది. అంటే చివరకు బిజోవ్ పట్టిన దారి గెలిచింది. అయితే రబ్బరు ఫ్యాక్టరీలో తయారవుతుందని ముందుగా నిరూపించింది మాత్రం లెబెదెవ్ దారి.

సోదరీమణులారా, గొప్ప పనులకు గొప్ప వసతులు కావాలని మనం అనుకుంటాం. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక, ఇల్లు కట్టుకున్నాక, తీరిక దొరికాక మొదలుపెడదామని ఎన్నో పనులు వాయిదా వేస్తాం. ఒకరు సంగీతం, ఒకరు ఆగిపోయిన చదువు, ఒకరు కుట్టుపని. ఆ ఎనిమిదిమందికీ తీరిక దొరకలేదు. ఉద్యోగం అయ్యాక మిగిలిన సాయంత్రాల్నే కూడబెట్టి రెండు కిలోలు చేశారు. ఇంకొక మాట కూడా ఉంది. అలా సాయంత్రాలు పనికి ఇచ్చినవారి ఇళ్ళలో పొయ్యి ఎవరో ఒకరు వెలిగించే ఉంటారు. చరిత్ర పుస్తకాల్లో అలాంటివి రాయరు. మన ఇళ్ళలో మాత్రం మనం లెక్కలో వేసుకోవచ్చు. వారానికి రెండు సాయంత్రాలు ఇంటిపని మిగతావారు అందుకుంటే, ఆ రెండు సాయంత్రాలు ఇల్లాలివి అవుతాయి. అడిగితే ఇవ్వనివారు కొందరుంటారు, నిజమే. అసలు అడగనివాళ్ళం మనలో ఇంకా ఎక్కువమందిమి.

ఇక కుక్కరు రింగు సంగతి. వాడాక దాన్ని మూతనుంచి తీసి, కడిగి, తడి తుడిచి, చుట్టకుండా విడిగా పెట్టండి. పొయ్యి సెగ దగ్గర, ఎండలో పెట్టకండి. పగుళ్ళు కనిపించినా, గట్టిపడినా వెంటనే మార్చేయండి. దాని వెనక ఎందరి సాయంత్రాలు ఉన్నాయో ఇప్పుడు మీకు తెలుసు.

సెలవు.